'ఇంకేంది?' అని అమ్మ అడిగినప్పుడు: విదేశంలో చదువుతూ రోజువారీ సంగతులు ఇంటికి చెప్పడం ఎలా

"అక్కా, అమ్మతో వీడియో కాల్ పెడితే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. ఏం మాట్లాడాలి?"

శంషాబాద్‌లో విమానం ఎక్కిన పిల్లలు నెల తిరక్కుండానే నన్ను అడిగే ప్రశ్న ఇది. మా మల్కాజిగిరి వీధిలో వాళ్ల అమ్మలు ఇదే మాటను ఇంకోలా అడుగుతారు: "ఎప్పుడు అడిగినా మంచిగనే ఉన్న అంటడు. ఎట్లుంటున్నడో ఏమో ఒక్క ముక్క చెప్పడు." ఇద్దరికీ వేర్వేరుగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను డాలస్ దగ్గర రెండేళ్లు చదువుకుని తిరిగొచ్చాను. మొదటి సెమిస్టర్ అంతా మా ఇంటి ఫోన్ ఇలాగే నడిచింది. "తిన్నవా?" "తిన్నా." "ఏం కూర?" "పప్పు." "ఇంకేంది?" "ఏం లేదమ్మా." ప్రేమ తక్కువై కాదు. చెబితే ఏదైనా పెద్ద విషయమే చెప్పాలని నేను అనుకునేదాన్ని. రోజంతా జరిగేవి చిన్న చిన్నవి కాబట్టి చెప్పడానికి ఏమీ లేదనిపించేది. అమ్మకి కావలసింది ఆ చిన్నవే అని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీకు అన్ని నెలలు పట్టకూడదు.

కావలసినవి

- ఇంట్లోవాళ్లు వాడడం అలవాటైన యాప్ ఏదో ఒక్కటి. చాలా ఇళ్లలో అది వాట్సాప్. మీకు నచ్చిన కొత్త యాప్ వాళ్లకి నేర్పే పని పెట్టుకోకండి.
- ఫోన్‌లో ఒక నోట్. దానికి "ఇంటికి" అని పేరు పెట్టుకోండి.
- తెలుగు కీబోర్డ్. టైప్ చేయడం కష్టమైతే గూగుల్ వాళ్ల కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగుని మా నాన్న చదవరు, చూసి వదిలేస్తారు. మీ ఇంట్లోనూ అలాంటి వాళ్లు ఉండొచ్చు.
- కష్టం వచ్చినప్పుడు ముందుగా చెప్పుకోగలిగిన మనిషి ఒకరు. అక్క, అన్న, మేనమామ, ఎవరైనా సరే. వీళ్లెవరో ప్రయాణానికి ముందే అనుకోండి.

1. ముందు టైమ్ కుదుర్చుకోండి

మన గడియారం ఏడాది పొడవునా ఒకటే. అక్కడివి మారతాయి. హైదరాబాద్ టైమ్ ఎంత ముందుంటుందో చూడండి:

- న్యూయార్క్, బోస్టన్: ఎండాకాలంలో 9:30 గంటలు, చలికాలంలో 10:30
- డాలస్, షికాగో: 10:30, చలికాలంలో 11:30
- కాలిఫోర్నియా, సియాటెల్: 12:30, చలికాలంలో 13:30
- లండన్: 4:30, చలికాలంలో 5:30
- జర్మనీ: 3:30, చలికాలంలో 4:30

ఆస్ట్రేలియా వాళ్లకి ఇది తిరగబడుతుంది. మెల్‌బోర్న్, సిడ్నీ మనకంటే 4:30 గంటలు ముందుంటాయి. అక్టోబర్ నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా 5:30 ముందు. అరిజోనాలో చదివేవాళ్లకి మాత్రం ఈ గొడవ లేదు, అక్కడ గడియారం మార్చరు. ఎప్పుడూ 12:30 తేడానే.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబర్ మొదటి ఆదివారం ఒకసారి గడియారం మారుస్తారు. బ్రిటన్, యూరప్‌లలో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. ఆ ముందు రోజే ఇంటికి చెప్పాలి. నేను చెప్పలేదు. రోజూ మా రాత్రి 8:30కి, అంటే అమ్మకి పొద్దున 7 గంటలకి ఫోన్ చేసేదాన్ని. నవంబర్‌లో గడియారం మారాక కూడా అదే 8:30కి చేశాను. హైదరాబాద్‌లో అప్పుడు 8 అయింది. గంటసేపు అమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని గేటుకీ వంటగదికీ మధ్య తిరిగిందట. నాన్న ఆఫీసుకి వెళ్లకుండా ఆగిపోయారు. నా రూమ్మేట్ నంబర్ కూడా వాళ్ల దగ్గర లేదు.

కాబట్టి రెండు పనులు చేయండి. గడియారం మారే వారం "ఆదివారం నుంచి నా ఫోన్ గంట ఆలస్యంగా వస్తుంది" అని, మార్చిలో అయితే "గంట ముందుగా వస్తుంది" అని మెసేజ్ పెట్టండి. రూమ్మేట్ నంబర్, ఇంటి చిరునామా నాన్న ఫోన్‌లోనే కాక, క్యాలెండర్ వెనక కాగితం మీద కూడా రాయించండి.

టైమ్ ఎంచుకునేటప్పుడు వాళ్ల రోజు కూడా చూడండి. మీ పొద్దున 8 గంటలు డాలస్‌లో అయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, ఏడున్నర. వంట, సీరియల్, వచ్చిపోయే చుట్టాలు, అన్నీ అప్పుడే. అమ్మ మీతో మాట్లాడుతూనే కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంది. పొద్దున టీ తాగే టైమ్ దొరికితే అదే మంచిది.

రోజూ కాల్ కుదరకపోతే వారానికి రెండు కాల్స్ పెట్టుకుని, మిగతా రోజులు వాయిస్ మెసేజ్ పంపండి. రోజూ చేస్తానని చెప్పి మానేస్తే వాళ్లకి టెన్షన్. రెండు రోజులే చేస్తానని చెప్పి ఆ రెండు రోజులూ తప్పకుండా చేస్తే నిశ్చింత.

2. రోజుకి ఒక్క సంగతి రాసి పెట్టుకోండి

"ఇంటికి" నోట్‌లో రోజుకి ఒక్క వాక్యం చాలు. బస్సులోనో క్లాసు మధ్యలోనో రాసేయండి. రాత్రికి గుర్తుంటుంది అనుకుంటే ఉండదు. నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడ? ఎవరు? ఏమన్నారు? చేతికి, ముక్కుకి, చెవికి ఏం తగిలింది?

ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్పి చూపిస్తాను.

మొదటిది: "ఈ రోజు వంట చేశానమ్మా. కొంచెం ప్రాబ్లమ్ అయింది. ఇప్పుడు ఓకే."

రెండోది: "పప్పులో పోపు పెడదామని నూనె కాచి ఎండుమిరపకాయలు వేశాను. నూనె ఎక్కువ కాగిందేమో, వేయగానే నల్లబడి పొగ లేచింది. ఇక్కడ పైకప్పుకి పొగ అలారం ఉంటుంది. అది చెవులు పగిలేలా మోగింది. రూమ్మేట్ కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే నేను పరుగెత్తి కిటికీ తీశాను. ఐదు నిమిషాలు ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. పప్పు మాత్రం బాగుంది."

మొదటిది విని అమ్మ రాత్రంతా "ఏం ప్రాబ్లమో" అని ఆలోచిస్తుంది. రెండోది నేను నిజంగా పంపిన వాయిస్ మెసేజ్. దానికి అమ్మ పావుగంటలో జవాబు పంపింది: "నూనె కాగినంక పొయ్యి బంద్ చెయ్యాలె. ఆ వేడికే మిరపకాయలు ఏగుతయి." ఆరు నెలల్లో "జాగ్రత్త" కాకుండా అమ్మ నాతో మాట్లాడిన మొదటి సంగతి అది. అమ్మకి బాగా తెలిసిన విషయం నా రోజులోకి వచ్చింది కాబట్టి మాట వచ్చింది. మీరు సంగతి ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. నాన్నకి బస్సులు, రేట్లు, బ్యాంకు పనులు ఇష్టమైతే నెల పాస్ ఎలా తీసుకున్నారో ఆయనకి చెప్పండి. నానమ్మకి ఏ చెట్టు పూసిందో చెప్పండి.

జాగ్రత్త: ధరలు చెప్పేటప్పుడు ప్రతిసారీ రూపాయల్లోకి మార్చి చెప్పకండి. "కాఫీ నాలుగు వందలు" అని వింటే మీరు కాఫీ తాగిన ప్రతిసారీ వాళ్ల గుండె గుబేలుమంటుంది. నెల ఖర్చు మొత్తం ఒకసారి లెక్కగా చెప్పండి. అది దాచాల్సిన విషయం కాదు.

3. వాయిస్ మెసేజ్ చేయండి

వాట్సాప్‌లో మైక్ నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, వేలు తీసేయొచ్చు. మధ్యలో ఆపొచ్చు, పంపే ముందు వినొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది వేలు నొక్కిపట్టుకుని హడావిడిగా మాట్లాడేస్తారు.

- ఒక మెసేజ్‌లో ఒకే సంగతి. నిమిషం నుంచి రెండు నిమిషాలు.
- మొదటి మాటలోనే ఎక్కడున్నారో చెప్పండి: "క్లాసు నుంచి ఇంటికి నడుస్తున్నా అమ్మా."
- చుట్టూ చప్పుడు కొంచెం ఉన్నా ఫర్వాలేదు. మంచు మీద నా బూట్లు కరకరలాడే చప్పుడు విని మా నానమ్మ "మరమరాలు తొక్కుతున్నదా?" అని అడిగిందట. గాలి నేరుగా మైక్‌లోకి కొడితే మాత్రం ఏమీ వినపడదు. గాలికి వీపు పెట్టి మాట్లాడండి.
- పంపే ముందు మొదటి పది సెకన్లు వినండి. మాట స్పష్టంగా ఉంటే చాలు, మళ్లీ రికార్డు చేయొద్దు. మూడోసారి రికార్డు చేసింది పాఠం చదివినట్టు ఉంటుంది.

చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లుంటే వాయిస్ వదిలేయండి. తెలుగులో నాలుగు లైన్లు రాసి, ఒక ఫోటోతో పంపండి. ఇంట్లో ఎవరైనా చదివి వినిపిస్తారు. స్మార్ట్‌ఫోన్ లేని తాతయ్యకి మామూలు కాల్ చేయించండి. లేదా నెలకొకసారి నాలుగు ఫోటోలు ఎంచి, ఇక్కడి ఫోటో స్టూడియోలో ప్రింట్ తీయించి ఇవ్వమని తమ్ముడికి చెప్పండి. ఫోన్‌లో వెయ్యి ఫోటోలు ఉన్నా మా నానమ్మ దిండు కింద పెట్టుకున్నది మాత్రం అలా ప్రింట్ తీసిందే.

4. ఫోటోలు: మీ ముఖం ఒకటి, మిగతావి మీ చుట్టూ ఉన్నవి

మొదటి వారంలోనే ఇవి తీసి పంపండి: మీ మంచం, వంటగది, ఫ్రిజ్ లోపల, ఇంటి నుంచి బస్‌స్టాప్ దాకా దారి, క్లాసులో మీరు కూర్చునే చోటు. మీరు ఫోన్ చేసినప్పుడు వాళ్లు మిమ్మల్ని ఎక్కడో ఒకచోట ఊహించుకోవాలి కదా. పెద్ద భవనం ముందు నిలబడి తీసిన ఫోటో గ్రూపులో లైకులకి పనికొస్తుంది, ఊహకి పనికిరాదు.

ప్రతి ఫోటో కింద ఒక తెలుగు వాక్యం రాయండి. స్టేటస్‌లో పెడితే 24 గంటల్లో పోతుంది. అమ్మ చూసేలోపే పోయిందని బాధపడిన ఇళ్లు నాకు తెలుసు. చాట్‌లో 'డిసప్పియరింగ్ మెసేజెస్' (కొన్నాళ్లకి మెసేజ్‌లు వాటంతట అవే పోయే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. గూగుల్ ఫోటోస్‌లో ఒక ఆల్బమ్ చేసి ఇంట్లోవాళ్లతో షేర్ చేస్తే అన్నీ ఒకచోట ఉంటాయి. అయితే ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్ కూడా ఉంటాయి కాబట్టి, ఎంచి పెట్టండి.

పంపకూడనివి: పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), బ్యాంకు కార్డు, ఇంటి తాళం చెవి దగ్గరగా తీసిన ఫోటో. రూమ్మేట్ కనిపించే ఫోటో అయితే అడిగి పంపండి. వాళ్ల ఇంట్లో వాళ్లు ఏం చెప్పుకున్నారో మీకు తెలియదు.

5. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను.

రెండో ఏడాది ఫిబ్రవరిలో రోడ్డు మీద గడ్డకట్టిన నీళ్ల మీద జారిపడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. అమ్మ బాధపడుతుందని కెమెరా ముఖం వరకే పెట్టి పది రోజులు మాట్లాడాను. ఈలోగా స్నేహితురాలు ఒకరు తన పుట్టినరోజు ఫోటో స్టేటస్‌లో పెట్టింది. అందులో నా చేతి కట్టు కనిపించింది. మా బాబాయి కూతురు అది చూసి అమ్మకి ఫోన్ చేసి "అక్క చెయ్యి ఎట్లుంది పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ నన్ను తిట్టలేదు. "నొప్పి నీకుండి నాకు తెల్వకపోతే, నేను ఇక్కడ ఎందుకున్నట్టు?" అని మాత్రం అంది. తర్వాత రెండు నెలలు నేను "బాగున్నా" అని ఎన్నిసార్లు చెప్పినా అమ్మ నమ్మలేదు. చేయి చూపించు, కాలు చూపించు, లేచి నిలబడు అనేది.

ఇలా చెప్పండి, ఇదే వరుసలో:

- ఇప్పుడు ఎలా ఉన్నారో ముందు: "నేను బాగానే ఉన్నాను, ఇంట్లోనే ఉన్నాను."
- ఏం జరిగింది: ఒకటి రెండు వాక్యాలు, దాపరికం లేకుండా.
- ఏం చేశారు: డాక్టర్ ఏమన్నారు, పక్కన ఎవరున్నారు, ఇన్సూరెన్స్ సంగతేంటి.
- మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారు: టైమ్‌తో సహా చెప్పి, ఆ టైమ్‌కి చేయాలి.

అత్యవసరం కాకపోతే హైదరాబాద్ అర్ధరాత్రి చెప్పకండి. తెల్లవారాక చెప్పండి. "నీతో ఒక విషయం మాట్లాడాలి, తర్వాత చెప్తా" అని మెసేజ్ పెట్టి వదిలేయడం అన్నిటికంటే ఘోరం. చెబితే అప్పుడే మొత్తం చెప్పండి, లేదా చెప్పగలిగేదాకా ఆగండి. అమ్మానాన్నకి నేరుగా చెప్పడం కష్టంగా ఉంటే, ముందు అనుకున్న ఆ ఒక్క మనిషికి చెప్పి, వాళ్లు పక్కన కూర్చున్నప్పుడు కాల్ చేయండి.

పరీక్ష పోయినా, పార్ట్‌టైమ్ పోయినా ఇదే పద్ధతి. ఇక దిగులు సంగతి. పడుకుని లేవబుద్ధి కాకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే అది "ఇల్లు గుర్తొస్తోంది" అనే మాటతో సరిపెట్టేది కాదు. ఇంట్లో ఒకరికి చెప్పండి, యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటే అక్కడికి వెళ్లండి. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు వస్తే అమెరికాలో 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ప్రమాదమైతే అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూరప్‌లో 112. ఇంటికి చెప్పడం ఆ తర్వాత.

6. ఇంటి గడప దాటే మాటల విషయంలో

ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది ఇంట్లోనే ఉండదు. పెద్దనాన్న కాలనీ గ్రూప్‌కి, అక్కడి నుంచి ఇంకో గ్రూప్‌కి వెళ్తుంది. అమ్మానాన్నలతో మాత్రమే ఉండే చిన్న గ్రూప్ వేరేగా పెట్టుకోండి. రోజువారీ సంగతులు అక్కడే చెప్పండి.

అందరికీ కనిపించే చోట రాసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి దరఖాస్తు చేసేవాళ్లు ఆ ఖాతాలు పబ్లిక్‌గా ఉంచాలని కూడా చెప్పారు. సరదాకి రాసిన మాట చదివేవాళ్లకి సరదాగా కనిపించకపోవచ్చు. పని విషయం కూడా అంతే: ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి, అనుమతి లేకుండా బయట పని చేయకూడదు. చేసి, ఫోటో పెట్టకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే: చేయొద్దు.

ఇంకో సంగతి. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి" అని తల్లిదండ్రులకి వచ్చే మోసపు కాల్స్ ఉన్నాయి. వెనక ఏడుపు కూడా వినిపిస్తారు. అందుకే ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. ఎక్కడా రాయని మాట, ఇంట్లోవాళ్లకే తెలిసిన మాట. మా ఇంట్లో అది నానమ్మ ఒక పాత గిన్నెకి పెట్టిన పేరు. ఎవరైనా నా పేరు చెప్పి డబ్బు అడిగితే ముందు ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి నా నంబర్‌కి, తర్వాత రూమ్మేట్‌కి చేయాలి.

7. ఇక్కడ ఉన్న అమ్మానాన్నలకి

మీ పిల్లలు మాట్లాడాలంటే మీరూ చెప్పాలి. పక్కింటి వాళ్లు బోరు వేయించింది, బోనాల రోజు ఎవరెవరు వచ్చింది, మెట్రోలో మీకు సీటు ఎవరు ఇచ్చింది, అన్నీ చెప్పండి. ఒంట్లో బాగోకపోతే మీరూ దాచకండి. మీరు దాస్తే వాళ్లూ దాస్తారు.

"తిన్నవా?" అడగండి, అది మన పలకరింపు. దాని వెనకే ఇంకొక ప్రశ్న వేయండి: "ఎవరితో కూర్చొని తిన్నవు?" జవాబు తప్పకుండా పెద్దదిగా వస్తుంది.

ఒకటి మాత్రం మానండి. ఫోన్ రాగానే ఇంటికి వచ్చిన చుట్టాలందరి చేతికీ ఇచ్చి మాట్లాడించకండి. "ఫలానా వాళ్లబ్బాయికి అప్పుడే జాబ్ వచ్చింది" అనకండి. ఆ మాట విన్న పిల్లలు తర్వాతి వారం ఫోన్ చేయడానికి వెనకాడతారు. నాతో ఈ మాట చెప్పుకున్నవాళ్లు ఒకరిద్దరు కాదు.

కుదిరిందో లేదో చూసుకోవడం

మూడు వారాలు చేశాక చూడండి.

- మీ స్నేహితుల్లో ఇద్దరి పేర్లు ఇంట్లో చెప్పగలరా? చెప్పలేకపోతే మీ సంగతుల్లో మనుషులు లేరు, పనులే ఉన్నాయి.
- మీరు మొన్న చెప్పినదాని గురించి వాళ్లంతట వాళ్లు అడిగారా? పోపు సంగతి చెప్పిన నాలుగు రోజులకి అమ్మ "మళ్ల పొగ వచ్చిందా?" అని అడిగింది. అలాంటి ప్రశ్న ఒక్కటి వచ్చినా మీరు సరిగ్గా చెప్పినట్టే.
- వాళ్ల రోజు గురించి మీకు ఏం తెలిసింది? ఏమీ తెలియకపోతే మీరు చెప్పి పెట్టేస్తున్నారు, అడగడం లేదు.
- కాల్ ఒకరోజు తప్పితే వాళ్లు కంగారు పడుతున్నారా, లేక "పరీక్షలు కదా" అంటున్నారా?

మూడు వారాలకీ ఏ మార్పూ లేకపోతే కాల్ టైమ్ మార్చి చూడండి. చాలాసార్లు లోపం మాటల్లో ఉండదు, వాళ్లు పనిలో ఉన్నప్పుడు మనం ఫోన్ చేయడంలో ఉంటుంది. అప్పటికీ మాట రాకపోతే, అమ్మని ఒక కూర నేర్పమని అడగండి. ఫోన్‌ని పొయ్యి పక్కన డబ్బాకి ఆనించి, కెమెరా గిన్నె వైపు తిప్పి వండండి. మీ ముఖం కనపడనక్కర్లేదు. ఉల్లిపాయలు వేగేలోపు అమ్మ తనంతట తానే మొదలుపెడుతుంది.